వానకాలపు ఎలుకలు – మన పూర్వీకుల ఇళ్ళు

ఎలుకల మీద చరిత్ర వ్యాసమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. ఓడల మీద, ఒప్పందాల మీద, రామభజనల మీద, అమ్మోరి పండుగ మీద ఎన్నో వ్యాసాలు చదివి ఉంటారు. ఎలుక మీద మాత్రం ఎవరూ వ్రాసినట్టు మాకు గుర్తు లేదు. మేమూ వ్రాసేవాళ్ళం కాము. శనివారపు తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నే దీనికి కారణం.

ఆనాటి పాఠం చిన్నికృష్ణుని వెన్నదొంగతనం. "ఉట్టి అంటే ఏమిటి?" అని ఆ పిల్లవాడు అడిగాడు. నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించాం. త్రాళ్ళతో అల్లి దూలానికి వ్రేలాడదీస్తారు, దానిలో కుండ పెడతారు, కృష్ణునికి అందకుండా గోపికలు అలా కట్టారు అని చెప్పాం. మనుమరాలిని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది. "కృష్ణుడికి అందకుండా కాదు టీచరుగారూ, ఎలుకకి అందకుండా" అన్నది. పిల్లలందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. వాళ్ళమ్మ ఇంట్లో ఆమె ఉట్టి కట్టిన చేతులతో పెరిగిన మనిషి.

ఆమె మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. పాతకాలపు మన ఇళ్ళ సంగతి వచ్చినప్పుడు మనవాళ్ళే తరచుగా ఒక మాట అంటుంటారు: "ఆ రోజుల్లో మనవాళ్ళకు శుభ్రత తెలియదు, గడ్డి ఇళ్ళు, నిండా ఎలుకలు." ఈ మాట మేమూ అన్నాం. పదేళ్ళ వయసులో మా నాయనమ్మ మొహం మీదే అన్నాం. అది ఎంతవరకు నిజమో ఇన్నాళ్ళకు విచారించి చూస్తే, తప్పు మా నాయనమ్మది కాదనిపించింది. ఆ విచారమే ఈ వ్యాసం.

ముందుగా చెప్పవలసింది, మారిషస్‌లో ఎలుక మనకంటె పాత కాపురస్థురాలు. 1598లో డచ్చివారు ఈ దీవిని చేరారు. 1606 నాటికే ఇక్కడ ఎలుకలున్నట్టు డచ్చి నావికులు చూశారు. అంతకు ముందు ఏ ఓడ నుంచో, ఏ ఓడ బ్రద్దలైనప్పుడో ఒడ్డుకు ఈదుకు వచ్చినవై ఉండాలి. 1638లో డచ్చివారు ఇక్కడ స్థిరపడ్డారు. మరుసటి ఏడు జావా నుండి చెరకు తెచ్చి నాటారు. కాబట్టి ఈ నేల మీద చెరకు మొలిచే వేళకు దానిని కొరికే పళ్ళు సిద్ధంగా ఉన్నాయన్నమాట. డచ్చివారు 1658లో ఒకసారి విడిచిపోయి, 1664లో తిరిగివచ్చి, 1710లో శాశ్వతంగా వెళ్ళిపోయారు. ఎలుకలే వారిని తరిమాయని లోకం చెప్పుకుంటుంది. తుఫానులు, అనావృష్టి, కేప్ రేవు బాగుపడటం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి గాని, పైరును, గింజలను ఎలుకలు పాడు చేసిన మాట అబద్ధం కాదు.

తరువాత ఫ్రెంచివారు వచ్చారు. 'పాల్ ఎ వీర్జినీ' వ్రాసిన బెర్నార్దాఁ ద సేంట్ పియెర్ 1768 నుండి 1770 వరకు ఈ దీవిలో ఉన్నాడు. 1773లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఎలుకల బెడద గురించి వ్రాస్తూ, ఏడాదికి ముప్పై వేలకు పైగా ఎలుకలను చంపే ఇళ్ళు ఉన్నాయని చెప్పాడు. ఆ లెక్క ఎంత నిజమో గాని, ఆ కాలం మాత్రం గమనించండి. ఒప్పందపు కూలీలు ఈ దీవికి రావడానికి అప్పటికి ఇంకా అరవై ఏళ్ళ పైచిలుకు ఉంది. ఆ ఇళ్ళు ఫ్రెంచి దొరలవి. శుభ్రత తెలియని మనవాళ్ళు అప్పటికి ఇక్కడ లేరు.

శాస్త్రజ్ఞులు చెప్పే సంగతి మరొకటి ఉంది. ఇళ్ళ కప్పుల్లో తిరిగే ఈ నల్ల ఎలుక పుట్టిల్లు భారతదేశమే. అక్కడి నుండి వర్తకపు ఓడల్లో ఎక్కి అరేబియాకు, యూరపుకు, ఆఫ్రికా తీరానికి, చివరకు ప్రపంచమంతటికీ ప్రాకింది. అంటే మన ఊరి ఎలుక మనకంటె ముందే వలస వచ్చి, ఈ దీవిలో మన కోసం కాచుకుని కూర్చున్నదన్నమాట! దీని ఒప్పందం మాత్రం ఐదేళ్ళది కాదు.

దీనిని గుర్తు పట్టడం సులభం. తోక ఒంటికంటె పొడవు, చెవులు పెద్దవి, ముక్కు మొనదేలి ఉంటుంది. గోడలు, త్రాళ్ళు, చెట్టుకొమ్మలు ఎక్కడంలో ఉడుతకు తీసిపోదు. మురుగు కాలువల్లో, బొరియల్లో ఉండే లావుపాటి గోధుమరంగు ఎలుక వేరే జాతి. ఇక సాయంత్రం గోడ వెంబడి కీచుమంటూ కంపు కొట్టుకుంటూ పోయే చుంచెలుక అసలు ఎలుకే కాదు. అది పురుగులను తినే జంతువు, అదీ భారతదేశపు తీరం నుండే వచ్చింది. మా నాయనమ్మ చుంచెలుకను చంపనిచ్చేది కాదు. పిల్లలు రాయి తీస్తే, "దాని జోలికి పోకండర్రా, అది బొద్దింకల్ని తింటుంది" అని కేకలేసేది. ఈ సందర్భంలో తెలుగు విద్యార్థులకు ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట ఉన్నది కదా, అది మన 'పందికొక్కు' నుండి పుట్టినదే. ఇంగ్లీషువారు మన దగ్గర అరువు తీసుకున్న తెలుగు మాటలు బహు తక్కువ. వాటిలో ఒకటి ఎలుక పేరు కావడం మన అదృష్టమో దురదృష్టమో పాఠకులే చెప్పాలి.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం.

1835 ఫిబ్రవరిలో ఇక్కడ బానిసత్వం రద్దయింది. 1834 నుండే భారతదేశపు కూలీలు ఒప్పందాల మీద రాసాగారు. తెలుగు నాడు అంతకు ముందే 1832-33లో నందన కరువుతో నేలకొరిగి ఉంది. గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి మనవాళ్ళు ఓడలెక్కారు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడివారు మనల్ని 'కొరింగీలు' అన్నారు. ఇదంతా పాఠకులకు తెలిసినదే. ఎక్కువగా ఆలోచించని విషయం మరొకటి ఉంది. ఓడ దిగేసరికి మనవాళ్ళకు ఋతువులు తలక్రిందులయ్యాయి. అక్కడ ఆషాఢ శ్రావణాల్లో వానలు. ఇక్కడ ఆషాఢ శ్రావణాలు చలికాలం, చెరకు కోతల కాలం. అక్కడ పుష్యమాఘాలు చలి, ఇంటినిండా ధాన్యం. ఇక్కడ పుష్యం నుండి ఫాల్గుణం దాకా ఎడతెగని వాన, తుఫాను భయం. పంచాంగం అదే, మాసాల పేర్లు అవే. వాన మాత్రం వేరే నెలల్లోకి జరిగిపోయింది. ఇంటికప్పును ఎప్పుడు నేయాలి, గింజలను ఎప్పుడు ఎండబెట్టాలి, ఎలుక ఎప్పుడు లోపలికి వస్తుంది అనే లెక్కలన్నీ మనవాళ్ళు మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చింది.

ఎలుకకు ఆ లెక్క ఎప్పుడో తెలుసు. చెరకు కోత జూన్ నుండి డిసెంబరు దాకా సాగుతుంది. ఎదిగిన చెరకుతోట ఎలుకకు ఇల్లూ వాకిలీ, తిండీ నీడా. కత్తి పడిన కొద్దీ తోట తరువాత తోట ఖాళీ అవుతుంది. నీడ పోయిన ఎలుకలు ప్రక్క తోటకు, అక్కడి నుండి గట్టు మీది చెట్లకు, చెట్ల నుండి కూలీల ఇళ్ళకు చేరతాయి. అంతలో జనవరి వానలు మొదలవుతాయి. తోటలో కొత్త పిలకలు మోకాలెత్తు కూడా ఉండవు. నేలంతా నీళ్ళు. పొడిగా, వెచ్చగా ఉన్నది గడ్డికప్పు ఒక్కటే. దాని క్రింద బియ్యం బస్తా!

ఆ గడ్డికప్పు ఎవరి కోరిక? క్రియోల్ భాషలో 'లకాజ్ లపాయ్' అనే ఆ గడ్డి ఇళ్ళకు తోటలోనే దొరికే చెరకు ఆకు, వట్టివేరు గడ్డి కప్పేవారు. గోడలు కర్రలతో అల్లి మట్టితోనో పేడతోనో మెత్తినవి. ఎస్టేటు వారు ఇచ్చిన జాగాలో, ఎస్టేటు వారు ఇచ్చిన తీరిక వేళల్లో కట్టుకున్నవి. కొన్ని చోట్ల పొడవాటి వరుస ఇళ్ళు ఉండేవి, ఎన్ని కుటుంబాలున్నా పైన కప్పు ఒక్కటే. ఈ చివర ఇల్లాలు ఎంత అలికి ముగ్గు వేసినా ఆ చివర చూరులో పుట్టిన ఎలుక పిల్లలు కప్పు లోపలి నుండి నడిచి వస్తాయి. నల్ల ఎలుక గర్భం మూడు వారాలు. ఈతకు ఐదో, ఎనిమిదో పిల్లలు. తిండి దొరికితే ఏడాదికి నాలుగైదు ఈతలు. ఒక వరుసకు పది కుటుంబాలనుకుంటే, ఎవరి శుభ్రత ఎవరిని కాపాడుతుంది?

తిండి సంగతీ అంతే. జీతంలో ఒక భాగం బియ్యంగా ఇచ్చేవారు. మగవానికి రోజుకు సుమారు రెండు పౌన్ల బియ్యం, దానికి తోడు పప్పు, ఉప్పు, నూనె. రోజు రోజుకూ కొలిచి ఇచ్చే ఓపిక ఎవరికుంటుంది? మొత్తంగా తెచ్చుకుని, గోనెసంచిలోనే ఇంట్లో పెట్టుకోవాలి. మన ఊళ్ళలో రైతుకు గాదె ఉండేది, ఎండుగడ్డితో పేనిన పురి ఉండేది, అవి లేనివారికి మట్టికాగు ఉండేది. అరణ్యం కొట్టి తోట వేసిన ఎస్టేటులో కుమ్మరి ఎక్కడ? గాదె కట్టే జాగా ఎక్కడ? ఇంకొక సంగతి కూడా. మన పల్లెల్లో జెర్రిపోతు ఉంది, గుడ్లగూబ ఉంది, ఎలుక అదుపులో ఉంటుంది. ఈ దీవికి జెర్రిపోతు లేదు. దీవికి సొంతమైన గుడ్లగూబ ఒకటి ఉండేది గాని 19వ శతాబ్దంలోనే అది అంతరించింది. అంటే మనవాళ్ళకు దొరికినవి ఎలుకకు కావలసిన కప్పు, ఎలుకకు కావలసిన బస్తా, ఎలుకకు శత్రువు లేని ఊరు. వీటిలో ఒక్కటీ వారు ఎంచుకున్నది కాదు.

మరి ఆ ఇళ్ళలో మన ఆడవాళ్ళు ఏం చేశారు? ఇది ఏ దస్తావేజులోనూ లేదు. మా నాయనమ్మ వంటపాకలో చూసింది మాత్రం చెప్పగలం. మా ఇల్లు అప్పటికి సిమెంటుది. అయినా నాయనమ్మ పెరట్లో తన గడ్డిపాకలోనే వండేది. సిమెంటు ఇంట్లో పొగ పెడితే గోడలు నల్లబడతాయని మా అమ్మ భయం, పొగ లేని వంట వంటే కాదని నాయనమ్మ వాదం.

ఆ పొగ ఊరికే కాదని ఇప్పుడు తెలుస్తోంది. రోజూ రెండు పూటలా పొగ తగిలిన గడ్డికి చెమ్మ పట్టదు, పురుగు పట్టదు, ఎలుక గూడు కట్టడానికి ఇష్టపడదు. వానకాలంలో కట్టెలు తడిసి పొయ్యి సరిగా రాజుకోని రోజుల్లోనే కప్పులో గరగర మొదలయ్యేది. అప్పుడు నాయనమ్మ నిప్పుల మీద నాలుగు ఎండుమిరపకాయలు వేసి, తలుపు మూసి, పిల్లలనందరినీ బయటికి తోలేది. దగ్గుతూ పరుగెత్తేవాళ్ళం. ఎలుకలు కూడా దగ్గేవో లేదో గాని ఆ రాత్రికి చప్పుడు ఉండేది కాదు.

బియ్యం కిరోసిన్ డబ్బాలో ఉండేది. పై రేకు కోసి, కడిగి, ఎండబెట్టి, మూత బిగించి, మూత మీద రాయి. ఆ నాలుగు పలకల టిన్ను డబ్బాను మన చరిత్రకారులెవరూ తలుచుకోరు గాని, గోనెసంచి స్థానంలో అది వచ్చిన రోజు మన ఇళ్ళలో పెద్ద రోజు అని మా అభిప్రాయం. పెరుగు, వండిన కూర, నూనె గిన్నె ఉట్టి మీద ఉండేవి. అయితే నల్ల ఎలుక త్రాడు మీద నడుస్తుంది కదా! అందుకని ఉట్టి త్రాడుకు నడుమ ఒక కొబ్బరిచిప్పను బోర్లించి గ్రుచ్చేది. దూలం మీది నుండి దిగిన ఎలుక ఆ నున్నటి చిప్ప మీద కాలు నిలవక జారి క్రిందపడేది.

చాలా ఏళ్ళ తరువాత పోర్ట్‌లూయీ రేవులో ఒక ఓడను చూశాం. దానిని ఒడ్డుకు కట్టిన లావుపాటి మోకులకు నడుమ గుండ్రటి రేకు పళ్ళేలు తొడిగి ఉన్నాయి. అవి ఎందుకని అక్కడ పనిచేసే అతనిని అడిగాం. "ఎలుకలు ఓడ నుండి దిగకుండా, ఒడ్డు నుండి ఎక్కకుండా" అని చెప్పాడు. ప్లేగు కాలం నుండి ప్రపంచంలోని రేవులన్నిటా ఈ ఏర్పాటు వ్యాపించింది. మా నాయనమ్మ కొబ్బరిచిప్ప, ఆ రేకుపళ్ళెం ఒక్కటే. ఒక దానికి నిబంధనలు, తనిఖీలు ఉన్నాయి, రెండో దానికి పేరు కూడా లేదు.

ప్లేగు మాట వచ్చింది గనుక ఆ సంగతి చెప్పాలి. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొన్నాడు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. 1898 చివర మడగాస్కర్‌లోని తమతావ్ రేవుకు, 1899 జనవరిలో పోర్ట్‌లూయీకి చేరింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఈ దీవిని వదలలేదు. బియ్యం, గోనెసంచులు, ఓడలు, వాటి వెంట ఎలుకలు, ఎలుకల మీద మిన్నల్లులు – జబ్బు నడిచే దారి అది. కాని ఆ దారి అప్పటి అధికారులకు తెలియదు. పాల్ లూయీ సీమాఁ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో ఎలుక మిన్నల్లి వల్ల ఈ జబ్బు వ్యాపిస్తుందని చూపించినా చాలామంది నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో జరిగిన పరిశోధనలతో గాని అది స్థిరపడలేదు. అంతవరకు ప్లేగు అంటే మురికి, మురికి అంటే పేదవాడు. బొంబాయిలో చీకటి ఇళ్ళకు ఎండ తగలాలని కప్పు పెంకులు తీయించారు, సున్నం కొట్టించారు, మందునీళ్ళతో కడిగించారు. కడిగిన ఇంటి ఎలుక తడిసి ప్రక్కింటికి పోయింది, మిన్నల్లిని వెంటబెట్టుకుని.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా" అని మనకొక సామెత ఉంది. సామెత అనుకుంటాం గాని నిజంగా తగలబెట్టినవారున్నారు. 1900 జనవరిలో హొనొలులూలో ప్లేగు సోకిన ఇళ్ళను కాల్చడానికి అధికారులు పెట్టిన మంట గాలికి చెలరేగి చైనావారి పేట అంతా బూడిదైంది. వేలమంది వీధిన పడ్డారు. ఇంతకంటె తెలివిగా ఫ్రెంచివారు 1902లో హానోయ్‌లో ఎలుక తోకకు ఇంత అని బహుమతి ప్రకటించారు. జనం తోక మాత్రం కోసి ఎలుకను వదిలిపెట్టారు, పిల్లలు పెడుతుంది కదా అని.

మారిషస్‌లో 1900లో ముంగిసను తెచ్చి వదిలారు. ఇదీ మన దేశపు జంతువే. మళ్ళీ ఒక ఒప్పందపు కూలీ అనుకోండి! కాని తెచ్చినవారు ఒక చిన్న విషయం మరిచారు. ముంగిస పగలు తిరుగుతుంది, ఎలుక రాత్రి. ముంగిస నేల మీద వేటాడుతుంది, నల్ల ఎలుక కప్పు మీద కాపురముంటుంది. ఇద్దరికీ ఒకరినొకరు చూసుకునే సందర్భమే తక్కువ. ముంగిస మనవాళ్ళ కోళ్ళను తిన్నది, నేల మీద గూడు కట్టే పిట్టల గుడ్లను తిన్నది. ఈనాటికీ తింటోంది. మా పెదనాన్న దానిని ఎన్నడూ ముంగిస అనలేదు, 'సర్కారు దొంగ' అనేవాడు.

ఎలుక మన కుటుంబాలకు చేసిన అసలు కీడు బియ్యం తినడం కాదు. మా తాతకు ఒక తమ్ముడు ఉండేవాడు. మేము పుట్టక ముందే పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో లేదు, మాట మాత్రం ఉంది: "కామెర్లతో పోయాడు." భారీ వానల్లో చెరకుతోటలో కలుపు తీయడానికి పోయి, జ్వరంతో తిరిగివచ్చి, పిక్కలు నొప్పులని మూలిగి, కళ్ళు పచ్చబడి, మూత్రం ఆగిపోయి పది రోజుల్లో చనిపోయాడట. ఆకుపసరు పోశారు. మంత్రం వేశారు. దిష్టి అన్నారు. ఆయన భార్య జాతకం మంచిది కాదని కూడా అన్నారు. ఆ మాట ఆమె బ్రతికినంత కాలం ఆమె వెంట నడిచింది.

మేము పెద్దయి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ఆరోగ్య శాఖ వారి కరపత్రం ఒకటి పిల్లలకు చదివి వినిపించాం. లెప్టోస్పైరోసిస్ లక్షణాలు: జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు పచ్చబడటం, మూత్రపిండాలు దెబ్బతినటం. చదువుతూ చదువుతూ ఆగిపోయాం. తాత తమ్ముని కథ వరుస తప్పకుండా ఆ కాగితం మీద ఉంది. ఈ జబ్బును 1886లో వైల్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. 1915లో జపానులో ఇనాడా, ఇడో అనే వైద్యులు దాని క్రిమిని కనుగొన్నారు. ఎలుక మూత్రంలో ఆ క్రిమి ఉంటుంది, వాన నీటిలో, బురదలో బ్రతుకుతుంది, చర్మం మీద గాట్ల గుండా ఒంట్లోకి పోతుంది. చెరకు ఆకు అంచు రంపం వంటిదని మన పాఠకులకు చెప్పనక్కర లేదు. గాట్లు లేని చేతులతో తోట నుండి తిరిగివచ్చిన కూలీ ఎవడు? ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ చెరకుతోటల్లో 1933-34 ప్రాంతంలో ఈ జబ్బు చెలరేగినప్పుడు, ఎలుకలు పోయేలా కోతకు ముందు చెరకును కాల్చి తీరాలని అక్కడి కూలీలు 1934, 1935లలో సమ్మె చేశారు. అక్కడివారికి జబ్బు పేరు తెలుసు గనుక సమ్మె చేయగలిగారు. మనవారికి పేరు తెలియదు గనుక ఒక విధవరాలి జాతకాన్ని నిందించారు. ఆ నింద సరి కాదని ఆమెకు చెప్పడానికి మేము ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఇక గడ్డి ఇళ్ళు ఎలా పోయాయో చూద్దాం. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఎస్టేట్లు నేలను ముక్కలు చేసి అమ్మినప్పుడు మనవాళ్ళు కొనుక్కుని పల్లెల్లోకి వచ్చారు. సొంత నేల వచ్చింది గాని కప్పు మాత్రం అదే గడ్డి. 1892 ఏప్రిల్ 29 తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసినా మళ్ళీ గడ్డే కప్పారు, వేరే స్తోమత లేక. 1960 జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి చివర కారోల్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ తరువాత ఈ దీవి ఇంటికప్పునే మార్చివేసింది. ప్రభుత్వం కొత్త పేటలు కట్టించింది. ఎస్టేట్లలో ఆస్బెస్టాస్ రేకుల ఇళ్ళు వచ్చాయి. ఎలుక పోయి దుమ్ము వచ్చిందని, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటని తరువాత తెలిసింది. చీటీలు వేసి, ఆవును అమ్మి, బంగారం కుదువ పెట్టి మనవాళ్ళు సిమెంటు స్లాబు పోయించుకున్నారు. తుఫానుకు భయపడి పోసిన ఆ స్లాబే తలమీది ఎలుకను కూడా వెళ్ళగొట్టింది. ముంగిస చేయలేనిది, విషం చేయలేనిది, అధికారుల సున్నం చేయలేనిది కప్పు చేసింది. మనుషులు మారలేదు. అదే మా నాయనమ్మ, అదే చీపురు.

ఆమె వంటపాక 1975 ఫిబ్రవరి 6న గెర్వైజ్ తుఫానులో పోయింది. మేము చిన్నపిల్లలం. తుఫాను కన్ను మా ఊరి మీదికి వచ్చి గాలి ఆగినప్పుడు నాన్న తలుపు సందులోంచి చూసి, "అమ్మా, పాక లేదు" అన్నాడు. తెల్లవారి చూస్తే గడ్డి అంతా ప్రక్కవారి లీచీ చెట్టుకు చుట్టుకుని ఉంది. రాయి పెట్టిన బియ్యం డబ్బా మాత్రం కదలలేదు. డబ్బా ప్రక్కన, ఆనుకుని, తడిసి ముద్దయిన ఎలుక ఒకటి నాలుగు ఎర్రటి పిల్లలతో కూర్చుని ఉంది. నాన్న కర్ర తీశాడు. నాయనమ్మ ఆపింది. "ఇవాళ వద్దురా, దాని కొంప కూడా పోయింది" అన్నది. మరునాడు బోను పెట్టింది, అది వేరే సంగతి.

ఆమె మళ్ళీ పాక కట్టలేదు. మేము ఆమెను మురికి వంటగది అని ఎగతాళి చేసింది ఆ తరువాత కొన్నేళ్ళకు, ఆమె పాకను తలుచుకుని బెంగపెట్టుకున్నప్పుడు. ఆమె ఏమీ అనలేదు.

గడ్డికప్పుతో పాటు మన పిల్లల నోటి నుండి చాలా మాటలు పోయాయి. చూరు, వాసం, దూలం, అటక, ఉట్టి. తరగతిలో ఈ మాటలకు బొమ్మలు గీయవలసి వస్తోంది. ఎలుక మాత్రం పూర్తిగా పోలేదు. వానకాలం రాగానే ఇప్పటికీ వస్తుంది. గడ్డిలోకి కాదు, నీళ్ళ ట్యాంకు క్రిందికి, మెట్ల క్రింది సామాను గదిలోకి, రేకు వరండా సందులోకి. అరంగుళం సందు ఉంటే దూరుతుంది. విద్యుత్ తీగలు కొరుకుతుంది. చాలామంది దుకాణానికి పోయి విషపు గుళికలు తెస్తారు. ఆ గుళికలు తిన్న ఎలుక ఎక్కడో గోడ సందులో చచ్చి వారం రోజులు కంపు కొడుతుంది, లేదా బయట పడి పిల్లికో పక్షికో విషమవుతుంది. మా అనుభవంలో నవంబరులోనే, వానలకు ముందే చేయవలసిన పని ఎక్కువ. ఇంటి మీదికి వాలిన మామిడి, లీచీ కొమ్మలను నరకాలి, అవే దానికి వంతెనలు. సందులను సిమెంటుతోనో ఇనుప వలతోనో మూయాలి. కోళ్ళ మేతను, కుక్క తిండిని రాత్రి బయట ఉంచరాదు. బోను నేల మీద కాక అది నడిచే ఎత్తులో, గోడ అంచున పెట్టాలి. వరదనీరు నిలిచిన పెరట్లో వట్టి కాళ్ళతో తిరగరాదు. కాలికి గాటు ఉంటే అసలే వద్దు. వానల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే "తోటలో తడిశాను, పెరట్లో ఎలుకలున్నాయి" అని డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి. ఈనాడు దానికి మందులున్నాయి, త్వరగా వేస్తే పనిచేస్తాయి.

మా ఇంటి సిమెంటు స్లాబు 1960 తరువాత మా తాత పోయించినది. కంకర పోసే రోజున నాయనమ్మ మేస్త్రీని నిలబెట్టి, వంటగది అనుకున్న చోట స్లాబులో ఒక ఇనుప కొక్కెం పెట్టించిందట. "ఎలుకలు రావమ్మా ఇక, ఉట్టి ఎందుకు?" అని మేస్త్రీ నవ్వాడట. పెట్టు అన్నదట ఆమె. ఆ కొక్కెం ఇప్పటికీ ఉంది. దానికి కొన్నాళ్ళు ఉట్టి, కొన్నాళ్ళు మా తమ్ముని ఉయ్యాల, ఆ తరువాత చాలాకాలం కిరోసిన్ లాంతరు వ్రేలాడాయి. వచ్చే శనివారం ఆ పెద్దావిడ మా తరగతికి వచ్చి పిల్లలకు ఉట్టి అల్లడం నేర్పుతానన్నది. త్రాడు మేము కొన్నాం. కొబ్బరిచిప్ప తానే తెస్తానన్నది.